చివరి స్టాపుకి మాత్రం రావద్దు

ఫిబ్రవరి 9

మొండిఘటానికి మీ అత్త రాస్తున్నది,

ముందుగా ఒక మాట. నాకు ఫోన్ చెయ్యొద్దని ఇంకోసారి చెబుతున్నాను. ఫోన్లో నేను కోప్పడితే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

పశువుల డాక్టరుగా మా వైపు బదిలీ అడిగి మరీ వేయించుకున్నావని చదివి, లేచి ఇల్లంతా ఒకసారి తిరిగాను. ఉన్నది ఒకటిన్నర గది కాబట్టి తిరగడం తొందరగానే అయిపోయింది. ఆ తర్వాత మూడో పేరా చదివి మళ్ళీ కూర్చున్నాను. "మీ ఊళ్ళోనే ఇల్లు చూడు అత్తా" అని అంత తేలిగ్గా ఎలా రాశావే?

ఈ రూటు మీద కండక్టరుగా జుట్టు నెరిసి రిటైరయ్యాను. ఊరెలాంటిదో తెలుసుకోవడానికి ఊళ్ళోకి పోనక్కర్లేదు, బస్సెక్కే తీరు చూస్తే చాలు. మిల్లు ఊరి జనం షిఫ్టు దిగి నిద్రమొహాలతో ఎక్కుతారు. పక్కవాడు ఎవడో చూడకుండా వాడి భుజం మీద తల వాల్చేస్తారు. మలుపు ఊరివాళ్ళు ఒకడు చెయ్యెత్తి బస్సు ఆపి, ఇంకొకడు అన్నం తింటున్నాడు, వచ్చేస్తాడు, ఉండమంటారు. వంతెన ఊరివాళ్ళని చూడాలి! వరసలో నిలబడతారు, చిల్లర చేతిలో పట్టుకుని ఉంటారు, చంకలో బిడ్డ ఉన్న మనిషిని ముందు ఎక్కనిస్తారు. అక్కడ ఒక రిటైరైన మేష్టారున్నారు. నిలబడి ఉన్న ఆడమనిషి కనబడితే చాలు, ఆయన సీట్లోంచి లేచేస్తారు. ఆయన మేడ మీద వాటా ఖాళీగా ఉంది. అది నీకు.

ఇక నేనుండే చివరి స్టాపు. తోసుకుంటారు. కిటికీలోంచి సంచులు విసిరి సీట్లు ఆపుకుంటారు. మేకను ఎక్కించి, అది కూర్చోలేదు కదా, దానికి టిక్కెట్టెందుకని నాతో తగువేసుకునేవాళ్ళు. అక్కడ నువ్వు ఉండలేవు. ఆ మాట ఇక ఎత్తకు.

చిన్నదానికి ముద్దులు. నీకు లేవు.

విజిల్ అత్త


ఫిబ్రవరి 16

విజిల్ అత్తా,

నేను అడిగింది ఒక ఇల్లు. నువ్వు రాసింది రూటు మొత్తం. నాకు మేకల గురించి చెప్పక్కర్లేదు, అవి నా ఉద్యోగం.

చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను, విను. పశువు ఈనేటప్పుడు వేళాపాళా చూసుకోదు. ఎవరో వచ్చి తలుపు కొడితే నేను సంచీ పట్టుకుని పోవాలి. నేను తిరిగొచ్చేదాకా బుడంకాయను చూసే మనిషి కావాలి. దానికి ఇంకా ఆరేళ్ళు. వాళ్ళ నాన్న సంగతి నీకు తెలిసిందే. "నేను కావాలో, నీ పశువులు కావాలో తేల్చుకో" అన్నాడు. తేల్చుకున్నాను. మా అమ్మా లేదు, మీ తమ్ముడూ లేడు. మిగిలిందల్లా నువ్వు. నిన్ను చూసుకునే ఆ బదిలీ అడిగాను.

నీ ఎదురిల్లు ఖాళీగా ఉందనీ, తాళానికి తుప్పు పట్టిందనీ పోయిన వానాకాలం నువ్వే రాశావు. మనం ఎదురెదురుగా ఉంటే దాన్ని నిద్రమొహంతోనే నీ పక్కలో పడేసి నేను నా పని మీద పోవచ్చు. ఇంత చిన్న విషయానికి ఊళ్ళన్నిటికీ మార్కులు వేస్తావేంటి?

వచ్చే నెల మొదట్లో చేరాలి. ఆ ఇంటి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని రాయి. ఇంకేమీ రాయకు.

నీ మేనకోడలు


ఫిబ్రవరి 25

మొండిఘటానికి,

ఏమీ రాయొద్దన్నావు కాబట్టి అన్నీ రాస్తాను.

ఆ ఎదురింటి పైకప్పు కారుతుంది. నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వీధి ఏటవాలు, వానపడితే జారుడుబండే. కుక్కలున్నాయి, మనుషుల్ని చూస్తే మీద పడతాయి. స్కూలు దూరం. పొద్దుటి ఎండ ఇంట్లోకి రాదు. పాములు కూడా ఉన్నాయని విన్నాను.

మేష్టారికి మాటిచ్చేశాను. వాటాలో రెండు గదులు, గాలి బాగా వస్తుంది, ఇంటి ముందే స్కూలు. ఆదివారం నువ్వు వెళ్ళి చూసుకో. నేను రాలేను, మోకాళ్ళు పట్టేశాయి. ఈ ఉత్తరం పోస్టు చెయ్యడానికి ఎలాగూ వంతెన ఊరు వెళ్ళాలి, సబ్బులూ చక్కెరా కూడా అక్కడే తెచ్చుకుంటాను, అప్పుడు ఆయనతో ఇంకోమాట చెబుతాను.

చిన్నదాన్ని నా దగ్గర పడేసి పోతావా? నేను టిక్కెట్లు కొట్టినదాన్నే, పిల్లల్ని పెంచినదాన్ని కాదు. నీకు అవసరమైతే నేనే పొద్దుటి బస్సెక్కి అక్కడికి వస్తాను. నువ్వు మాత్రం ఇక్కడికి రావద్దు. అర్థమైందా, కాలేదా?

అత్త


మార్చి 4

అత్తా,

నిన్న నీ వంతెన ఊరు చూసొచ్చాను. కోపం మీద రాస్తున్నాను, అక్షరాలు బాగాలేకపోతే సర్దుకో.

మీ మేష్టారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. ఆ ముచ్చట నిజమే. కుర్చీ ఇచ్చారు. బుడంకాయకు బిస్కెట్టు ఇచ్చారు. తర్వాత మొదలుపెట్టారు.

"వారు ఎప్పుడొస్తారమ్మా?"

"ఎవరండీ?"

"అదే, మీవారు."

"రారండీ."

ఆయన బిస్కెట్ల డబ్బా మూత పెట్టేశారు. నిజంగా పెట్టేశారు అత్తా, నేను కల్పించి చెప్పడం లేదు. అప్పటినుంచి షరతులు. దీపాలు పెట్టాక మగవాళ్ళెవరూ వచ్చి తలుపు కొట్టకూడదు. పశువుల వాసన మెట్లెక్కి రాకూడదు. ఎక్కడికి వెళ్తున్నానో, ఎప్పుడొస్తానో కింద వాళ్ళావిడకు చెప్పి వెళ్ళాలి. "మీ అత్తగారు చాలా క్రమశిక్షణ గల మనిషి, మిమ్మల్ని మా కంటికింద ఉంచమన్నారు" అని కూడా సెలవిచ్చారు.

ఓహో. ఇదా సంగతి! నాకు ఇల్లు చూడలేదు నువ్వు, కాపలా చూశావు. మొగుణ్ణి వదిలేసి వచ్చిన మేనకోడలు నీ ఎదురింట్లో ఉంటే ఊళ్ళో నీకు తల కొట్టేసినట్టుంటుంది. అందుకని పైకప్పు కారుతుంది, కుక్కలు కరుస్తాయి. కుక్కలు కరుస్తాయని పశువుల డాక్టరుకు చెబుతావా? కాస్త నమ్మే అబద్ధం ఆడలేకపోయావా?

నువ్వు వాళ్ళని బస్సెక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూశావు అంతే. ఇంట్లో ఎలా ఉంటారో నీకేం తెలుసు? సీటిచ్చినవాడు ఇల్లు కూడా ఇస్తాడని నీకెవరు చెప్పారు?

అక్కణ్ణుంచే నీ దగ్గరికి వచ్చి మొహం మీద అడుగుదామనుకున్నాను. సాయంత్రం బస్సు లేదన్నారు. ఎప్పుడు తీసేశారు? రాత్రికి నీ కిటికీ కిందే ఆగి పొద్దున్నే బయల్దేరే బస్సు, నువ్వెక్కి వస్తానన్న బస్సు, అదే కదా? నువ్వు ఒక్కమాట కూడా రాయలేదు. నీ పేరు చెప్పి అడిగితే టీ కొట్టతను నన్ను అదోలా చూశాడు. నా సంగతి అంతదాకా చాటావన్నమాట.

ఉంటాను


మార్చి 10

ఒసే పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి నేరుగా మేష్టారింటికి వెళ్ళాను. మోకాళ్ళు పట్టేశాయన్నదాన్ని ఎలా వెళ్ళానో అడక్కు. ఆయన లేచి నిలబడ్డాడు. "కూర్చోండి, మీరు లేస్తే నాకు ఒళ్ళు మండుతోంది" అన్నాను. ఆ వీధి మొత్తం వినేలా నాలుగు దులిపి వచ్చాను. బిస్కెట్ల డబ్బా గురించి కూడా అడిగాను. ఇన్నాళ్ళూ ఆయన్ని పెద్దమనిషనుకున్నందుకు నా కళ్ళను నేనే తిట్టుకున్నాను. కంటికింద ఉంచమని నేనెప్పుడూ అనలేదు. ఒంటరిగా ఉంటుంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి అన్నాను. దాన్ని ఆయన అలా మలుచుకున్నాడు.

ఇక నీ సంగతి. నువ్వంటే నాకు సిగ్గా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందే? నీకు జ్వరమొస్తే డ్యూటీకి ఎగనామం పెట్టి నీ మంచం పక్కన కూర్చున్నదాన్ని. ఇంతకంటే రాస్తే నోటికేదొస్తే అది రాస్తాను.

మిల్లు ఊళ్ళో మీ ఆసుపత్రి పక్కన క్వార్టర్సున్నాయట. మోత ఉంటుంది, దుమ్ముంటుంది, కానీ ఎవరి గొడవ వాళ్ళది. అక్కడ ఉండు. ఎక్కడైనా ఉండు. నా గుమ్మం ఎదురుగా మాత్రం వద్దు. ఎందుకని అడక్కు. బస్సు గురించి కూడా అడక్కు.

అత్త


మార్చి 15

గౌరవనీయులైన విశ్రాంత కండక్టరు గారికి,

మీ సలహా మేరకు మిల్లు ఊరి క్వార్టర్సులో ఒక గది తీసుకున్నాము. నేనూ మా అమ్మాయీ క్షేమం. దుమ్ము బాగానే ఉన్నది.

మొగుడి ఇంట్లోంచి బయటికొచ్చేముందు మీకు మూడు పేజీల ఉత్తరం రాశాను, జ్ఞాపకం ఉందో లేదో. నా బతుకులో అంత పొడుగు ఉత్తరం ఎవరికీ రాయలేదు. దానికి మీరిచ్చిన జవాబు ఒకే ఒక్క ముక్క. "ఎక్కడికి వెళ్తున్నావు?" వెళ్ళడానికి నీకు చోటెక్కడుందని వెక్కిరించినట్టే ఉంది. అప్పుడు నొచ్చుకుని కూడా సర్దుకున్నాను, మా అత్త మాట మోటు, మనసు మంచిది అని. ఇప్పుడు బోధపడింది. ఇక నుంచి ఉత్తరాలు రాయదలచుకోలేదు.

ఇట్లు, పశువైద్యురాలు


మార్చి 22

మొండిఘటానికి,

మీరూ గారూ అంటే భయపడతాననుకున్నావా? చెకింగ్ ఆఫీసర్లనే భయపడకుండా నిలబెట్టినదాన్ని.

ఆ ఒక్క ముక్క సంగతి చెబుతాను. బస్సెక్కిన మనిషిని నేను అడిగేది ఒక్కటే. ఎక్కడికి? ఏడుస్తూ ఎక్కినవాళ్ళుంటారు, పెట్టె పట్టుకుని చెప్పులు కూడా లేకుండా ఎక్కినవాళ్ళుంటారు. ఎందుకు వెళ్తున్నావని నేను ఎవర్నీ అడగలేదు. అడిగే హక్కు కండక్టరుకు లేదు. నీ మూడు పేజీలూ చదివాను. ఎందుకన్నది నాకు అక్కర్లేదనిపించింది, ఎక్కడికో తెలిస్తే వచ్చి పెట్టె మోద్దామనుకున్నాను. నువ్వు జవాబు రాయలేదు. అలిగి కూర్చున్నావన్నమాట ఇన్నాళ్ళూ!

దీనికి కూడా జవాబు రాయకపోతే నీ ఖర్మ.

అత్త


ఏప్రిల్ 5

జవాబు రాలేదు. సరే.

ఇది నీకు కాదు, బుడంకాయకు. ఈ కవర్లో నా విజిల్ ఉంది. పాతదే గానీ గట్టిగా మోగుతుంది. అమ్మ పని మీద వెళ్ళినప్పుడు భయమేస్తే ఊదు తల్లీ. ఎవరో ఒకరు వస్తారు.

పెద్దత్త


ఏప్రిల్ 20

అత్తా,

రాయనన్నదాన్ని రాస్తున్నాను. ఇది రాజీ ఉత్తరం కాదు. కోపం తగ్గలేదు, దాని చోటు మారింది.

నిన్న మధ్యాహ్నం మీ చివరి స్టాపు నుంచి కబురొచ్చింది. మీ ఊరి కిరాణాకొట్టావిడ ఆవు పొద్దుటినుంచి ఈనలేకపోతోందని. వెళ్ళాను. దూడ ముందుకాలు లోపల మడతపడి ఉంది. చెయ్యి భుజందాకా లోపలుండగా, ఆవిడ ఆవు తల నిమురుతూ ఊరి కబుర్లు చెబుతోంది. నేను ఊరికే అన్నాను, "మా మేనత్త ఈ ఊళ్ళోనే ఉంటుందండీ, కండక్టరుగా చేసింది" అని.

నిమిరే చెయ్యి ఆగిపోయింది. అక్కడున్న పదిమందీ నా వైపు తిరిగారు. నేనేమో చెయ్యి బయటికి తియ్యలేని స్థితిలో ఉన్నాను.

"ఆవిడ మేనకోడలివా తల్లీ? నీకు దణ్ణం పెడతాం, ఆవును బతికించు. ఆవిడతో మాత్రం మేం మాట్లాడం" అంది కొట్టావిడ.

కాలు సరిచేసి దూడను లాగేలోపు మొత్తం విన్నాను. నువ్వు రిటైరయ్యే ముందు డిపో నుంచి ఆఫీసర్లొచ్చి, సాయంత్రం ట్రిప్పులో ఎంతమంది ఎక్కుతారని నిన్నే అడిగారట. టిక్కెట్లు తెగడం లేదు, బస్సు ఖాళీ అని నువ్వే చెప్పావట. ట్రిప్పు ఎత్తేశారట. "దిగిపోతూ బస్సుని కూడా వెంట తీసుకుపోయింది" అన్నాడొక ముసలాయన. హైస్కూలు ఆడపిల్లలు వంతెన ఊరి నుంచి నడిచి రావాలి ఇప్పుడు. కొందరు మానేశారు. కొట్టావిడ మనవరాలు మానేసిన వాళ్ళలో ఒకతి.

అందుకా నువ్వు చక్కెరకు వంతెన ఊరు వెళ్ళేది? అందుకా ఉత్తరాలు అక్కడ పోస్టు చేసేది? నీకు ఈ ఊళ్ళో ఎవరూ ఏమీ అమ్మరు, ఎవరూ పలకరించరు. నాకు ఒక్కమాట చెప్పలేదు. నన్ను చూసి సిగ్గుపడుతున్నావని నేను నిన్ను నానా మాటలూ అంటుంటే పళ్ళు బిగించి ఊరుకున్నావు. నన్ను అలా అనుకోనిచ్చావు! దీన్ని నేను ఎలా క్షమించాలో చెప్పు.

నీ ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది. తలుపు మూసి ఉంది. ఒళ్ళంతా నెత్తురూ పేడా, దానికి తోడు కోపం. ఆ అవతారంలో నీ గుమ్మం ఎక్కితే ఇద్దరం అరుచుకునేవాళ్ళం, వాళ్ళందరూ చూసేవాళ్ళు. ఆ వేడుక వాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. తిరిగొచ్చేశాను.

వచ్చేసరికి బుడంకాయ గదిలో లేదు. కాసేపు చూసుకుంటానన్న పక్కగదావిడ షిఫ్టుకి పోయింది. ఆసుపత్రి వెనక దాణా బస్తాల మధ్య దొరికింది, నీ విజిల్ నోట్లో పెట్టుకుని. చాలాసేపు ఊదిందట. మిల్లు మోతలో ఎవరికీ వినపడలేదు. "ఎవరో ఒకరు వస్తారని రాసింది కదమ్మా పెద్దత్త" అంది.

నీకు ఈ మాట చేరాలనే ఇదంతా రాశాను.

నీ మేనకోడలు


ఏప్రిల్ 24

ఏమే,

చదివాను. అన్నం సయించలేదు. సంతోషమేనా?

అడిగారు, చెప్పాను. టిక్కెట్లు ఎన్ని తెగుతున్నాయని అడిగారు. ఉన్నమాట చెప్పాను. తెగినవి చెప్పకుండా తెగనివి చెప్పాలా? ఉద్యోగం పొడుగునా చిల్లర పైసా తేడా రానివ్వలేదు, దిగిపోయే ముందు అబద్ధం చెప్పాలా? బస్సు తీసేసింది వాళ్ళు. నేనా తీసేసింది? ఒక్కళ్ళైనా డిపోకి వెళ్ళి అడిగారా? లేదు. నా గుమ్మం దగ్గరుంది కాబట్టి నా గుమ్మం మీద పడ్డారు.

కుళాయి దగ్గరికి నేను వెళ్తే, నిండని బిందెలు కూడా ఎత్తుకుని పోతారు. సంచులు కిటికీలోంచి విసిరి నాతో కీచులాడినవాళ్ళు, ఎండదెబ్బకు నేను పడిపోతే నన్ను మోసుకొచ్చి పడుకోబెట్టినవాళ్ళు, ఇప్పుడు నేను వీధిలోకొస్తే తలుపులు దగ్గరికి వేసుకుంటారు. బస్సు లేక కిటికీ కింద నిశ్శబ్దంగా ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ ఇంజను చల్లారే చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని, ఇప్పుడు నిద్ర పట్టదు.

అలాంటి ఊళ్ళోకి నిన్ను రమ్మననా? చిన్నది వీధిలోకి వెళ్తే దాంతో ఎవరాడుకుంటారు? నీ దగ్గరికి పశువుని ఎవరు తోలుకొస్తారు? నిన్ను చూసి సిగ్గుపడలేదే పిచ్చిదానా, నన్ను చూసుకుని నేనే సిగ్గుపడ్డాను. నువ్వు చూడకూడదనుకున్నాను. ఊరందరికీ దడ పుట్టించిన విజిల్ అత్త ఇలా అయిపోయిందని మా తమ్ముడి కూతురికి తెలియకూడదనుకున్నాను. తెలిసిపోయింది. ఇక నీ ఇష్టం.

విజిల్ సంగతి రాసి నన్ను చంపేశావు. ఆ మిల్లు ఊరు చూపించింది కూడా నేనే. అక్కణ్ణుంచి తీసుకెళ్ళిపో దాన్ని. ఎక్కడికైనా.

అత్త


మే 1

అత్తా,

నీ ఉత్తరంలో ఒకటి రాయలేదు నువ్వు. అది నేను రాస్తాను. కూర్చుని చదువు.

మొన్న సాయంత్రం ఆసుపత్రి జీపులో వస్తుంటే వంతెన దాటాక నలుగురు ఆడపిల్లలు పుస్తకాల సంచులతో నడుస్తున్నారు. ఎక్కించుకున్నాను. నువ్వు చెప్పినట్టే తోసుకున్నారు. ఒకతి మందుల పెట్టె మీద కూర్చుంది. మాటల్లో మాటగా అడిగాను, ఇదివరకు బస్సులో వెళ్ళేవాళ్ళు కదా, టిక్కెట్టుండేదా మీకు అని.

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "కండక్టరమ్మ మాకు ఎప్పుడూ కొట్టలేదండీ. మేం ఎక్కగానే అటు తిరిగి కిటికీలోంచి బయటికి చూసేది. దిగాక రైట్ అనేది" అంది మందుల పెట్టె మీది పిల్ల.

బస్సు ఖాళీగా లేదన్నమాట. రోజూ నిండుగానే వచ్చింది. సగం బస్సు పిల్లలే, ఆ పిల్లలకి నువ్వు టిక్కెట్టు కొట్టలేదు, అందుకని డిపో కాగితాల్లో వాళ్ళు లేరు. ఆఫీసర్లు అడిగినప్పుడు, పిల్లల్ని ఊరికే ఎక్కించుకున్నానని ఒప్పుకుంటే నీ పరువు పోతుంది. పైసా తేడా రానివ్వని మనిషివాయె! తెగిన టిక్కెట్ల లెక్క మాత్రం చెప్పి, మాట నిజమే కదా అని ఊరుకున్నావు. ఊరివాళ్ళు ఇన్నాళ్ళూ వెలేస్తుంటే కూడా ఆ ఒక్క మాట పైకి అనలేదు. అంటే పరువు పోతుందనే కదా? ఇప్పుడేం మిగిలిందని దాచుకున్నావు అత్తా? నీ అంత మొండిమనిషిని నేను ఎక్కడా చూడలేదు. నాకు మొండిఘటమని పేరు పెట్టావు, అద్దంలో చూసుకుని పెట్టినట్టున్నావు.

నాకెంత కోపంగా ఉందో రాయడానికి చేతకావడం లేదు. ఆ పిల్లలు నడుస్తున్నందుకు కోపం. నిన్ను తలుచుకుంటే ఏడుపొస్తున్నందుకు ఇంకా కోపం.

ఇక నా సంగతి. నీ ఎదురింటి తాళం కిరాణాకొట్టావిడ దగ్గరుంది. నిన్న వెళ్ళి అడిగాను. "ఆవిడ ఎదురింట్లో ఉంటావా?" అంది. ఉంటానన్నాను. లోపలికి వెళ్ళి తాళం తెచ్చి చేతిలో పెట్టింది. దూడ తిరుగుతోంది, బాగుంది. మీ అత్తతో మాట్లాడమని మాత్రం నన్ను అడగొద్దంది. నేనూ అడగలేదు. పిల్లల టిక్కెట్ల మాట కూడా ఆమెకు చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు.

పైకప్పు కారడం లేదు. నీళ్ళు తాగి చూశాను, తియ్యగా ఉన్నాయి. కుక్కలు నన్ను చూసి తోకలాడించాయి. సాయంత్రం ఆసుపత్రి పని ముగించుకుని, వంతెన ఊళ్ళో స్కూలు వదిలే వేళకి జీపు గేటు దగ్గర పెట్టుకుంటాను. ఎంతమంది పడితే అంతమంది. రూలు ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే అటు తిరిగి కిటికీలోంచి చూస్తాను.

బుడంకాయ విజిల్ ఊదితే వీధి దాటి వినపడేంత దూరంలో ఉంటావు నువ్వు. ఆ ఊళ్ళో నీతో మాట్లాడే మనుషులు ఇద్దరవుతారు. ఆ ఇద్దరిలో ఒకతి కోపంగా మాట్లాడుతుంది, సర్దుకో.

అప్పుడు ఎక్కడికి అని అడిగావు, జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చివరి స్టాపుకి. ఒక ఫుల్లు, ఒక హాఫు.

నీ మేనకోడలు


మే 5

మొండిఘటానికి,

నీ ఉత్తరం పట్టుకుని ఇవాళ పొద్దున్న కుళాయి దగ్గరికి వెళ్ళాను. మామూలుగానే బిందెలెత్తారు. "ఆగండి, హోల్డాన్!" అని అరిచాను. ఆ అరుపు విని చాలారోజులైందిగా, ఆగిపోయారు. మీ పిల్లలకి నేను ఒక్కనాడు కూడా టిక్కెట్టు కొట్టలేదు, అందుకే పోయింది మీ బస్సు, ఇప్పుడు తిట్టుకోండి, సరైన దానికి తిట్టుకోండి అన్నాను. క్షమించమని అడగలేదు. నా కోపం నాకుంది. ఇన్నాళ్ళలో ఒక్కరైనా "ఎందుకలా చెప్పావు" అని నన్ను అడిగారా?

ఎవరూ వెళ్ళిపోలేదు. కొట్టావిడ తన బిందె పక్కకి జరిపింది. నా బిందె పెట్టి నింపుకుని వచ్చాను. అంతే జరిగింది. పెద్దగా ఊహించుకోకు.

డిపోకి ఉత్తరం రాస్తున్నాను, ఎక్కినవాళ్ళ లెక్క, తెగిన టిక్కెట్లది కాదు. వాళ్ళు నన్నేం చేస్తారో చేసుకోనీ.

ఎదురిల్లు ఊడ్చాను. నువ్వు వచ్చే బస్సు మధ్యాహ్నానికి వస్తుంది. కొత్త కండక్టరు కుర్రాడికి తొందరెక్కువ, చిన్నదాని చెయ్యి వదలకు, బస్సు పూర్తిగా ఆగేదాకా దిగొద్దు. స్టాపులో నేనుంటాను. మొహం మాడ్చుకునే ఉంటాను, నీ ఉత్తరంలో నువ్వన్న మాటలేవీ మర్చిపోలేదు.

ఇంకొకటి. ఒక ఫుల్లు, ఒక హాఫు అని రాశావు. ఫుల్లు ఒక్కటే. పిల్లలకి నేను టిక్కెట్టు కొట్టను.

విజిల్ అత్త